జీతం పెరగని సుఖం

జీతం పెంచమని అడగడం ఉద్యోగికి ఆరోగ్యం. పెంచకుండా పంపించడం యజమానికి ధర్మం. ఈ రెండూ సక్రమంగా జరిగే చోట అందరూ చల్లగా ఉంటారు. నేను పనిచేసే ఈ వారపత్రికనే చూడండి!

మా యజమాని గారు దేవుడిలాంటి మనిషి. మొదటిసారి జీతం సంగతి అడుగుదామని ఆయన గదిలోకి వెళ్లాను. నేనింకా నోరు తెరవనేలేదు, "రావోయ్ రా, నువ్వు మా ఇంట్లో మనిషివి" అన్నారు. అంతకన్నా ఏం కావాలి చెప్పండి? ఇంట్లో మనిషికి ఎవరైనా జీతం పెంచుతారా? పెంచితే అవమానం కాదూ! ఆ అవమానం నాకు జరగకుండా ఆయన ఇన్నేళ్లుగా కంటికి రెప్పలా కాపాడుతున్నారు.

రెండోసారి గట్టిగా నిశ్చయించుకుని వెళ్లాను. బాత్రూం అద్దం ముందు రిహార్సల్ కూడా వేశాను. అద్దంలోవాడు అడగ్గానే పెంచేశాడు! యజమాని గారు మాత్రం కాగితం ధర చెప్పారు, కరెంటు బిల్లు చెప్పారు, అల్లుడి వ్యాపారం మునిగిన సంగతి చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ కష్టం చూడలేక నా జేబురుమాలు ఇచ్చాను. బయటికొచ్చేసరికి పెరిగిన జీతమూ లేదు, జేబురుమాలూ లేదు. పైగా వంటల శీర్షిక ఇకమీదట నేనే రాస్తానని ఒప్పుకున్నానట. నాకు నీళ్లు కాచడం ఒక్కటే వచ్చు.

జీతం పెరగనివాడి సుఖాలు ఎన్నని చెప్పను? అప్పు అడిగే బంధువులుండరు. మా బావమరిది వీధి చివర నన్ను చూడగానే ఫోన్ చెవికి పెట్టుకుని పక్క సందులోకి తిరిగిపోతాడు. ఎంత ప్రశాంతత! క్రెడిట్ కార్డు ఇస్తామని ఫోన్ చేసిన బ్యాంకు అమ్మాయి నా జీతం ఎంతో విని, "సారీ అండీ, ఆరోగ్యం జాగ్రత్త" అని పెట్టేసింది. ఈ రోజుల్లో పరాయివాళ్ల ఆరోగ్యం గురించి అడిగేవాళ్లెవరండీ?

నేనింత సుఖపడుతుంటే మా ఆవిడ ఓర్వలేకపోతోంది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మొన్న కుట్టుకూలి పెంచింది. ఎలాగనుకున్నారు? రిహార్సల్ లేదు, జేబురుమాలు లేదు. "వచ్చే నెల నుంచి రేటు పెరిగిందమ్మా" అంది. కుట్టించుకునేవాళ్లు "సరేలే" అన్నారు. ఎంత మొరటు పద్ధతో చూడండి!

ఇక్కడ కాస్త గొంతు తగ్గిస్తాను. యజమాని గారు నేను వారం వారం రాసే ఈ కాలమ్ మొదటి సగం చదివి, చిరునవ్వు నవ్వి, ప్రెస్సుకి పంపేస్తారు. ఈపాటికి పొగడ్త పుచ్చుకుని పక్కన పెట్టేసి ఉంటారు. కాబట్టి ఇది మనలో మాట.

మా ఆవిడది కాళ్లతో తొక్కే మిషన్. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి పాదాలు వాచిపోతాయి. ఇక తొక్కడానికి వీల్లేదని డాక్టరమ్మ చెప్పేసింది. దానికి మోటారు బిగించాలి. నేను ప్రతి నెలా "వచ్చే నెల" అంటున్నాను. నా జీతం పెరగలేదని ఎవరన్నారు? పెరుగుతూనే ఉంది, ఆవిడ కాళ్లు పెంచుతున్నాయి! నేను ఆ గదిలో నీళ్లు నమిలి వచ్చిన ప్రతిసారీ ఆవిడ ఇంకో గౌను ఒప్పుకుంటోంది. సిగ్గుగా ఉంది.

ఇంతవరకూ రాసి ఆవిడకి చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"బాగుంది. ఇది ఆయన చదువుతారా?"

"సగం దాకానే చదువుతారు. అందుకే కదా అసలు సంగతి కింద పెట్టాను!"

"మరి ఎవరికి చెప్పినట్టండీ?"

ఆవిడ కత్తెర తీసింది. అది బట్ట కత్తిరించే కత్తెర. కాగితం కోస్తే పదును పోతుందని ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఆ కత్తెరతోనే నా కాలమ్‌ని అడ్డంగా రెండు ముక్కలు చేసి, కింది ముక్క నా చేతిలో పెట్టింది.

"ఇదొక్కటే ఆయన బల్లమీద పెట్టండి."

పెట్టాను. యజమాని గారు మొట్టమొదటిసారి నా రాత చివరిదాకా చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అద్భుతమోయ్! ఏం హాస్యం! ఆ వాచిన కాళ్ల ముక్క మరీనూ, కడుపుబ్బ నవ్వాననుకో. ఇకనుంచి వారానికి రెండు రాసెయ్."

"అలాగే సార్" అన్నాను. అనకుండా ఎలా ఉంటాను, ఇంట్లో మనిషిని కదా!

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆవిడ అరవలేదు. మిషన్ ఆపి, పాదాలు రుద్దుకుంటూ, "ఆయన ఆఫీసుకి ఎన్నింటికి వస్తారు?" అని మాత్రం అడిగింది.

రెండు ముక్కలూ అతికించి, ఈ నాలుగు మాటలూ చేర్చి ప్రెస్సుకి పంపమని ఆయనకే ఇస్తున్నాను. యజమాని గారూ, దయచేసి ఈసారి కూడా చివరిదాకా చదవండి. సోమవారం మా ఆవిడ వస్తోంది. ఆవిడకి మొదటి సగం చెప్పే అలవాటు లేదు.