నర్సింహమ్మ బావికి పరీక్ష

ఆ రోజు పొద్దున నర్సింహమ్మ అమ్మవారికి మొక్కిన మొక్కు కాస్త తికమకగా ఉంది. ఆమె మనవరాలు నిషిత యూనివర్సిటీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నీళ్లలో ముంచితే అవి తాగడానికి పనికొస్తాయో లేదో చెప్పే మిషన్ ఒకటి కనిపెట్టింది. మంచి నీళ్లయితే ఆకుపచ్చ దీపం, చెడ్డవైతే ఎర్ర దీపం. దాన్ని పరీక్షించడానికి ఆ రోజే పెద్ద కమిటీ ఒకటి పటాన్‌చెరు దగ్గరి వాళ్ల ఊరికి, అదీ వాళ్ల పెరటి బావి దగ్గరికే వస్తోంది.

"బాపమ్మా, మన బావి నీళ్లు ఖరాబని నా రీసెర్చి పేపర్ల రాసిన. రేపు ఎర్రగ వెలిగితేనే కమిటీ ఒప్పుకుంటది. లేకుంటే నా నాలుగేండ్ల కష్టం మట్టిల కలిసినట్టే," అని నిషిత ముందురోజే చెప్పి పెట్టింది.

అందుకని నర్సింహమ్మ షేర్ ఆటో ఎక్కి ఇస్మాయిల్‌ఖాన్‌పేట వెళ్లి, భవానీమాత ముందు కొబ్బరికాయ కొట్టింది. "తల్లీ, పిల్ల మాట నిలబెట్టు. ఎర్రగనే వెలగాలె." కొట్టిందే గానీ మనసు ఊరుకోలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "గాని జెర పచ్చగ వెలిగినా నేనేం అనుకోను తల్లీ," అంది.

ఆమె బాధ ఆమెది. కాపురానికొచ్చిన కొత్తలో గిరక చప్పుడుతోనే ఆమెకు తెల్లవారేది. తర్వాత చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి, నీళ్లు రంగు తిరిగాయి, చేంతాడు అటక ఎక్కింది. ఇన్నేళ్లుగా కొన్న డబ్బా నీళ్లు తాగుతోంది, డబ్బా నీళ్లతో పప్పు ఉడకదని రోజూ తిట్టుకుంటోంది. గ్లాసు ఎత్తినప్పుడల్లా ఆమె నాలుక ఆ బావినే వెతుక్కుంటుంది. చచ్చేలోపు ఒక్కసారి తన చేత్తో తోడుకుని ఆ నీళ్లు తాగాలి. అంతకు మించి ఆమెకు ఏ కోరికా లేదు.

ఆమె అటు ఆటో ఎక్కిందో లేదో, ఇటు ఆమె భర్త కొమురయ్యకు పరువు గుర్తొచ్చింది. "గంత పెద్ద సార్లు మన వాకిట్లకొస్తే, కంపుకొట్టే బావి సూపెట్టి ఇజ్జత్ తీసుకుంటమా?" అనుకున్నాడు. మోటారు పెట్టి పాత నీళ్లు తోడించి పారేశాడు. నీళ్లమ్మే అంజన్న ట్యాంకర్‌ను పిలిపించి, బావినిండా మంజీరా మంచినీళ్లు పోయించాడు. మీసం దువ్వుకుని అరుగు మీద కూర్చున్నాడు.

యూనివర్సిటీ నుంచి నిషితతో పాటే కమిటీ వచ్చింది. నిషిత మిషన్‌ను వైరు కట్టి బావిలోకి దించింది. దీపం నిగనిగలాడుతూ ఆకుపచ్చగా వెలిగింది.

కమిటీ పెద్ద సూర్యారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా నిషితా, పేపర్లో ఎరుపని రాశారు. ఇక్కడేమో ఆకుపచ్చ. మిషన్ తప్పా, పేపర్ తప్పా? ఏదో ఒకటి తప్పే కదండీ?"

నిషిత వైరు లాగి మళ్లీ ముంచింది, అయినా ఆకుపచ్చే. సరిగ్గా అప్పుడే ప్రసాదం పొట్లంతో నర్సింహమ్మ ఆటో దిగింది, దీపం చూసింది. "వెలిగిందే బిడ్డా! పచ్చగ వెలిగింది! తల్లి నా మొర ఇన్నది!"

"బాపమ్మా, నా కొంప మునిగిందే!" అంది నిషిత.

ఆ మాట ఆమెకు వినపడితే కదా! అటక మీది చేంతాడు దించి, గిరక మీద వేసి, బొక్కెన వదిలింది. తనే లాగింది. దోసిలి పట్టింది. బ్లీచింగ్ వాసన గుప్పుమంటున్నా ఆమె ముక్కుకు తగల్లేదు. "గవే నీళ్లు... గదే తీపి," అంటూ ఏడ్చింది. కొమురయ్య నోరు తెరిచి, భార్య ముఖం చూసి, మళ్లీ మూసుకుని నేల చూపులు చూశాడు. ఈయనకూ సంతోషంతో కడుపు నిండిపోయింది పాపం, అనుకుంది నర్సింహమ్మ.

నిషిత పక్కింటికి పరుగెత్తింది. "మొగులయ్య తాతా, మీ బోరు నీళ్లు ఒక సీసెడు ఇయ్యవా? ఖరాబ్ నీళ్లు కావాలె, జల్దీ!"

"ఏందీ, సార్ల ముంగట మా ఇంట్ల ఖరాబ్ నీళ్లున్నయంటవా?" అని మొగులయ్య కోప్పడి, తాము తాగే డబ్బా నీళ్లే సీసాలో పట్టి ఇచ్చాడు. ఆ బోరు నీళ్లతో స్నానం చేస్తే ఒళ్లంతా దురదని మొన్నే ఊరంతా చెప్పుకున్న మనిషి. వీధిలో ఏ గడప తొక్కినా అదే జవాబు. పటాన్‌చెరు పక్కన చెడ్డ నీళ్ల చుక్క కోసం ఇన్ని తిప్పలు పడాల్సి వస్తుందని నిషిత కలలో కూడా అనుకోలేదు.

ఈలోపు భవానీమాత బావిని బాగు చేసిందన్న కబురు వాడంతా పాకింది. ఆడవాళ్లు బిందెలతో, పసుపు కుంకుమలతో దిగారు. "మీ కడుపు సల్లగుండ, తోడుకపోండ్రి!" అని నర్సింహమ్మ పిలిచి మరీ ఇస్తోంది. గిరక ఆగకుండా తిరుగుతోంది. పోసిన నీళ్లు తరుగుతున్నాయి, అడుగు నుంచి పాత ఊట ఊరుతోంది. మొగులయ్య భార్య బొక్కెన వదిలేసరికి, బావిలోనే వేలాడుతున్న మిషన్ దీపం మిణుకుమిణుకుమంది, ఎర్రబడింది.

"నా వంతొచ్చేసరికే ఎర్రగైతదా? ఏందక్కా గీ అన్యాయం!" అని ఆమె బిందె నేలకేసి కొట్టింది.

ఇక కొమురయ్య ఆగలేకపోయాడు. "తప్పు నాది సార్. పొద్దుగాల ట్యాంకర్ నీళ్లు పోయించిన. మా పిల్ల మిషన్‌కు ఏ బీమారీ లేదు."

సూర్యారావు ఎగిరి గంతేసినంత పని చేశారు. "అంటే మంచి నీళ్లు అయిపోయి ఊట రాగానే పట్టేసిందన్నమాట! ఇంతకంటే గట్టి పరీక్ష మేమే పెట్టలేకపోయేవాళ్లం!" కమిటీ అంతా ఎర్ర దీపానికి చప్పట్లు కొట్టింది. నిషిత నవ్వబోయి, బాపమ్మను చూసి ఆగిపోయింది.

నర్సింహమ్మ ఖాళీ బొక్కెన పట్టుకుని నిలబడిపోయింది. "అయితే నేను తాగింది నువ్వు పోయించిన నీళ్లా?" అంది భర్తతో.

"చెప్పుదామనుకున్న. నీ మొఖం జూస్తే నోరు రాలే."

తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. "తియ్యగనే ఉండె," అంది మెల్లగా. ఆ మాటకు కొమురయ్యకు కళ్లు చెమర్చాయి.

"పెద్దమ్మగారూ, మీ మనవరాలు గొప్ప పని సాధించింది. రెండు మాటలు చెప్పండి," అన్నారు సూర్యారావు కలం తీస్తూ.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని దీపం వంక చూసింది. "మస్తు సంతోషం సారూ. గది మళ్ల పచ్చగ వెలగాలంటే ఏం చెయ్యాలె?"

 సూర్యారావు ఆ ప్రశ్నను రిపోర్టు చివర 'మున్ముందు జరగవలసిన పరిశోధన' అన్న శీర్షిక కింద గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు.