ఆంధ్ర కుక్కకు కంప్యూటర్ టీకా

ఆంధ్ర దేశపు కుక్క ఇకమీదట విదేశీ సూదికి ఒళ్ళు అప్పగించనక్కర్లేదని పశుసంవర్ధక శాఖ మంత్రి తిరుపతిరావుగారు విజయవాడ గెస్ట్‌హౌస్‌లో ప్రకటించారు. అది రెండువేల రెండో సంవత్సరం, మే నెల. కరెంటు లేదు. అయినా విలేకరులం అందరం చెమటలు తుడుచుకుంటూనే చప్పట్లు కొట్టాం. నేను అప్పట్లో ఒక దినపత్రికకు వన్ టౌన్ నుంచి వార్తలు రాసేవాణ్ణి. ఉల్లిపాయల ధరలు, గోడౌన్లలో అగ్నిప్రమాదాలు నా పరిధి. చారిత్రక ఘట్టం ఒకటి నా చేతికి రావడం అదే మొదలు.

ఆ వేసవిలో పామర్రు చుట్టుపక్కల పల్లెల్లో కుక్కలు చచ్చిపోతున్నాయి. ముందు ముక్కు కారడం, కళ్ళు పుసులు కట్టడం, తర్వాత ఫిట్స్. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బని డాక్టర్లు తేల్చారు. మనుషులకు రాదు కాబట్టి అసెంబ్లీలో ఎవరూ అడగలేదు. ఎవరూ అడక్కుండానే పట్టించుకున్నది తిరుపతిరావుగారు ఒక్కరే. అంతకుముందు నెల ఆయన సింగపూర్ వెళ్ళొచ్చారు. అక్కడ ఒక కంప్యూటర్ తెరమీద వైరస్ బొమ్మ రంగురంగులుగా గిరగిరా తిరగడం కళ్ళారా చూశారు. మన వైరస్ మాత్రం ఎందుకు తిరగకూడదని విమానంలోనే నిశ్చయించుకున్నారట.

కంప్యూటర్ లెక్కలతో కుక్కలకు మన సొంత టీకా తయారుచేయించే ఆ పథకం పేరు ‘శునక కవచం’. దానికోసం హైదరాబాద్‌లో ఈ చదువే చదువుకున్న డాక్టర్ వినీలను కాంట్రాక్టు మీద పిలిపించారు. సన్నగా, కళ్ళజోడుతో మంత్రిగారి పక్కనే కూర్చుంది. కంప్యూటర్ టీకా ఎలా తయారుచేస్తుందని ఒక విలేకరి అడిగాడు.

“కంప్యూటర్ తయారుచెయ్యదండి,” అంది వినీల. “వైరస్ పైన ప్రోటీన్లుంటాయి. అందులో ఏ ముక్కని చూపిస్తే కుక్క ఒంట్లో రోగనిరోధక శక్తి మేలుకుంటుందో లెక్కగట్టి చెబుతుంది. అది అంచనా మాత్రమే. ఆ ముక్కని ల్యాబులో చెయ్యాలి, ఎలుకల్లో చూడాలి, ఆ తర్వాత కుక్కల్లో చూడాలి. ఏళ్ళు పడుతుందండి.”

మంత్రిగారు మైకు తీసుకున్నారు. “ఏళ్ళు పడుతుందని డాక్టరమ్మగారు అన్నది వేరే ప్రభుత్వాలకి,” అన్నారు.

“ఈలోపు బజార్లో దొరికే టీకా వేయిస్తే సరిపోతుందండి. అది బాగానే పనిచేస్తుంది,” అని వినీల అన్నదిగాని, మైకు అప్పటికే కాఫీలు తెమ్మంటోంది.

కంప్యూటర్‌ని విజయవాడ పశువైద్యశాలలో పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. మానిటర్‌కి బొట్టు పెట్టారు. దానికి వేడి పడదంటే ఏసీ బిగించారు. ఏసీ వెయ్యగానే ఆస్పత్రి మొత్తం ఫ్యూజు పోయింది. ఏదో ఒకటి తీసెయ్యాలన్నాడు ఎలక్ట్రీషియన్. ఆస్పత్రి పెద్ద డాక్టర్ జయపాల్‌గారు చుట్టూ చూశారు. తీసెయ్యడానికి వీలున్నది ఫ్రిజ్ ఒక్కటే.

“సార్, ఇందులో టీకాలున్నాయండి. తీసేస్తే పాడైపోతాయి,” అన్నారాయన మంత్రిగారితో.

“ఏం టీకాలు?”

“డిస్టెంపర్‌వేనండి. ఎవరో స్వచ్ఛంద సంస్థవాళ్ళు కుక్కలకి వెయ్యమని ఇచ్చిపోయారు.”

“ఏ దేశానివి?”

జయపాల్‌గారు సీసా తిప్పి చూశారు. “విదేశానివేనండి.”

“మరి పీకెయ్యండి.”

వినీల ముందుకొచ్చింది. “సార్, పోనీ అవి నాకివ్వండి. ఐస్ పెట్టెలో పెట్టుకుని ఈపూటే పామర్రు తీసుకెళ్ళి వేయించేస్తాను.”

“అమ్మా, ప్రారంభోత్సవం రోజునే పాత టీకా వేశామని పేపర్లో పడితే ఆ కంప్యూటర్ ఏమనుకుంటుంది?” అన్నారు మంత్రిగారు, ఎంతో మృదువుగా.

ఫ్రిజ్ వైరు జయపాల్‌గారే స్వహస్తాలతో పీకారు.

ఆ వారంలోనే తెరేసమ్మ వచ్చింది. పామర్రు దగ్గర కోతలైన చేలల్లో బాతులు మేపుకునే మనిషి. ఆమె, మొగుడు శౌరయ్య, నల్లోడు అనే కుక్క, ముగ్గురూ కలిసి మందను కాచుకుంటారు. పగలు మనుషులు, రాత్రి నల్లోడు. గుడ్ల వ్యానువాణ్ణి బతిమాలి కుక్కను ఎక్కించుకుని వచ్చింది.

“మావోడికి సూది ఎయ్యాలండీ. మా పక్క మందోళ్ళ కుక్క నిన్న పోయింది,” అంది.

“సూదుల కాలం పోయిందమ్మా. ఇప్పుడంతా కంప్యూటరే,” అన్నారు జయపాల్‌గారు.

“పోనీ అదే ఎయ్యండి.”

“ఇంకా లోడవుతోంది.”

తెరేసమ్మ ఎన్నో లారీలు చూసిన మనిషి. “లోడు దిగిందాకా బయట కూకుంటాంలెండి,” అని కుక్కతో సహా గేటు పక్క నీడలో కూర్చుంది. సాయంత్రం ఆస్పత్రికి తాళం వేసేదాకా అక్కడే ఉంది. లోడు దిగలేదు.

టీకా తన పుట్టినరోజు నాటికి విడుదల కావాలని మంత్రిగారు ఆదేశించారు. వినీల భోజనం కూడా ఆ గదిలోనే చేసి, నిజాయితీగానే పనిచేసింది. చివరికి ప్రింటర్ నుంచి ఒక కాగితం వచ్చింది. దాన్నిండా మధ్యలో ఖాళీ అన్నది లేకుండా ఇంగ్లీషు అక్షరాలు.

“ఇదేనా టీకా?” అని మంత్రిగారు దాన్ని కళ్ళకద్దుకున్నారు.

“కాదండి. ఆ ప్రోటీన్ ముక్కని అక్షరాల్లో రాసింది. టీకా ఎలా ఉండొచ్చో ఒక ఊహ. ఇంటికి ప్లాను లాంటిది.”

“ప్లాను అప్రూవైతే ఇల్లొచ్చినట్టే కదమ్మా.”

“ప్లాను నెత్తిన పెట్టుకుంటే వాన ఆగదు కదండీ.”

మంత్రిగారు కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. “లామినేషన్ చేయిస్తే ఆగుద్ది,” అన్నారు.

అంతటి క్లిష్టమైన శాస్త్ర సమస్యను ఒక్క వాక్యంలో తేల్చేసిన మంత్రిని నేను అంతకుముందు చూడలేదు. ఆ వాక్యానికి మా పేపర్లో బాక్సు కట్టించాను.

పుట్టినరోజున పామర్రు హైస్కూలు గ్రౌండులో సభ పెట్టారు. కుక్కల్ని వరసగా నిలబెట్టి, లామినేషన్ చేసిన కార్డుల్ని పసుపురంగు రిబ్బనుతో మెడలో కట్టారు. కార్డుకు ఒక పక్క ఆ అక్షరాలు, రెండో పక్క మంత్రిగారు. వినీల వేదిక దిగివచ్చి, ఒక్కో మనిషి దగ్గరా ఆగి, “దీన్ని నమ్మకండి, ఎక్కడైనా సూది వేయించండి,” అని చెప్పడం మొదలుపెట్టింది. మర్నాడే ఆమె కాంట్రాక్టు ముగిసింది. కంప్యూటర్ పని నేర్చేసుకుంది కాబట్టి ఇక మనిషి అవసరం లేదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది.

తెరేసమ్మ మళ్ళీ ఆస్పత్రికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఈసారి నల్లోడు నడిచి రాలేదు. ఆమె, శౌరయ్య కలిసి గోనెపట్టా మీద మోసుకొచ్చారు. దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. మెడలో కార్డు ఉంది. తెరేసమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని, నాలుక కొరుక్కోకుండా కొంగు మడిచి పళ్ళమధ్య పెట్టింది.

జయపాల్‌గారు వంగి కార్డును పరీక్షించారు. “తడిసిందా?”

“లేదండీ. వానొస్తే తీసి దాసాను.”

“అదీ సంగతి. తియ్యకూడదమ్మా. పైగా తిరగేసి కట్టావు. అక్షరాలు కుక్క వైపుండాలి, మంత్రిగారు జనం వైపుండాలి.”

తెరేసమ్మ కార్డు తిప్పి కట్టింది. కాసేపు చూసింది. నల్లోడు ఒకసారి కాళ్ళు బిగదీసి, వదిలేశాడు. ఆమె ఏడవలేదు. రిబ్బను ముడి విప్పుతూ, “ఇది తిరిగి ఇచ్చెయ్యాలాండీ?” అని అడిగింది.

“ఉంచుకో అమ్మా. ఉచితమే,” అన్నారు జయపాల్‌గారు.

డిసెంబరు వచ్చేసరికి శునక కవచం సంపూర్ణ విజయం సాధించింది. పామర్రు చుట్టుపక్కల డిస్టెంపర్ కేసులు సున్నా అని మంత్రిగారు ప్రకటించారు. పథకాన్ని మంగళగిరికి కూడా విస్తరిస్తామన్నారు. గిట్టని పత్రిక ఒకటి మాత్రం, అక్కడ కేసులు లేకపోవడానికి కారణం కుక్కలు లేకపోవడమేనని రాసింది. మంత్రిగారికి కోపం వచ్చింది. “లేవన్నవాళ్ళకి చూపిద్దాం పదండి,” అని విలేకరులందరినీ కార్లెక్కించి బయల్దేరారు.

పల్లె తర్వాత పల్లె దాటాం. అన్ని కార్లు దుమ్ము లేపుతూ పోతుంటే వెనక ఒక్క కుక్కా పరిగెత్తలేదు. “చూశారా, క్రమశిక్షణ కూడా వచ్చింది,” అన్నారు మంత్రిగారు. మసక చీకటి పడుతోంది. అవతలి పత్రికవాడు నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. మంత్రిగారికీ కనిపించిందనుకుంటాను, మాటలు తగ్గించారు.

సరిగ్గా అప్పుడు, చేల మధ్యనుంచి కుక్క అరుపు వినపడింది. గట్టిగా, వరసగా, ఎక్కడా నీరసం లేని అరుపు.

“ఆపండి కారు,” అన్నారు మంత్రిగారు. ఆయన మొహం వెలిగిపోయింది. తన చెప్పులకి బురద అవుతుందని నన్ను వెళ్ళి చూసిరమ్మన్నారు.

నేను గట్టు మీదుగా నడిచి వెళ్ళాను. వల కట్టిన దడిలో బాతులు ముడుచుకుని ఉన్నాయి. పక్కన తెరేసమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుంది. శౌరయ్య గొంతుక్కూర్చుని, రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పెట్టుకుని అరుస్తున్నాడు. నన్ను చూసి ఆపాడు.

“ఏంటి శౌరయ్యా ఇది?”

“నక్కలండీ. మొన్న మందలో పడ్డాయి. ఇట్టా అరుత్తా ఉంటే రాట్లేదు. తెల్లారిందాకా ఇద్దరం వంతులేసుకుంటన్నాం. దీనికి గొంతు పోయింది, ఈ పూట నేనే.”

తెరేసమ్మ అవునన్నట్టు తలూపింది.

“కనపడిందా?” అని రోడ్డు మీదనుంచి మంత్రిగారు కేకేశారు.

“కనపడిందండీ.”

“ఏ బ్రీడు?”

“నాటుదేనండీ.”

“ఆరోగ్యం ఎలా ఉంది?”

“కాస్త బక్కగా ఉందండీ.”

మంత్రిగారి మనసు కరిగింది. కారులో ఉన్న బిస్కట్ ప్యాకెట్ గట్టు మీదకి విసిరించారు. శౌరయ్య దాన్ని చింపి, ఒకటి నోట్లో వేసుకుని, మిగతావి తెరేసమ్మ ఒళ్ళో పెట్టాడు.

“తిన్నదా?”

“తింటోందండీ.”

“మరి అరవదేం? వీళ్ళు రాసుకోవాలి కదా.”

“నోట్లో బిస్కట్ ఉందండీ.”

శౌరయ్య గబగబా నమిలి మింగి, మళ్ళీ మొదలుపెట్టాడు. రోడ్డు మీద చప్పట్లు మోగాయి.