రుక్కమ్మ ఇంట్లో సున్నా కార్బన్

సైబరాబాద్‌లో ఇకమీదట ఏ భవనమూ కార్బన్ వదలకూడదని మన మంత్రిగారు హైటెక్ సిటీలోని ఒక అద్దాల హాల్లో ప్రకటించారు. ఏసీ చలికి శాలువా కప్పుకుని మరీ ప్రకటించారు. అంతటి దీక్ష నేనెక్కడా చూడలేదు.

ఆదర్శ భవనం కోసం వెతగ్గా వెతగ్గా, గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ ఎదురుగా ఉన్న రుక్కమ్మ ఇల్లు దొరికింది. మట్టి గోడలు, పైన పెంకులు, ఏసీ లేదు. రోడ్డు వెడల్పు కోసం దాన్ని కూల్చేస్తామని అప్పటికే నోటీసు వచ్చి ఉంది. మంత్రిగారికి నచ్చితే ఇల్లు నిలబడుతుందన్న ఆశతో రుక్కమ్మ పండగకు చేసినట్టు గోడలన్నీ అలికింది. చూసి నాకే ముచ్చటేసింది.

వీఐపీ కూర్చునే గదిలో ఏసీ ఉండాలన్నది ప్రోటోకాల్. అందుకని మంత్రిగారు వచ్చే ముందురోజే, అలికిన గోడలకు కన్నాలు కొట్టి రెండు ఏసీలు బిగించారు. కిటికీలకు టేపు వేశారు. వాకిట్లో జనరేటర్ పెట్టారు. మర్నాడు మంత్రిగారు మందీమార్బలంతో లోపలికి వెళ్లి తలుపేయించారు. వాళ్ల వెనకే నేనూ దూరాను.

"ఎంత సల్లగున్నదయ్యా. మట్టి మహిమంటే గిది," అన్నారు మంత్రిగారు.

"ఎగ్జాక్ట్‌లీ సర్, థర్మల్ మాస్. వేడినంతా గోడలే పీల్చేస్తాయి," అంటూ సలహాదారు జశ్వంత్ మీటరు తీశాడు. అది చూసి అతని ముఖం వాడిపోయింది. "చిన్న ఇష్యూ సర్. లోపల కార్బన్ డయాక్సైడ్ చాలా హైగా ఉంది."

"ఏడికెల్లి వస్తున్నది?"

"మనుషుల ఊపిరి నుంచి సర్. మనం విజిటర్స్. పర్మనెంట్‌గా ఉండేది ఈవిడొక్కరే."

అందరూ రుక్కమ్మ వైపు చూశారు. పాపం, ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఫికర్ చెయ్యకు అవ్వా," అన్నారు మంత్రిగారు. "నోటీసు రద్దు. నీ ఇంటి మీద ఈగ వాలనియ్య."

"మరి నేను సారూ?"

"నిన్ను పద్నాలుగో అంతస్తుల ఫ్లాట్‌ల పెడ్తం. మొత్తం అద్దాలే."

"గాడ కిటికీ తెరుచుకుంటదా?"

"తెరుసుడెందుకు? ఏసీ ఉంటది."

చప్పట్లు మారుమోగాయి. నేనూ కొట్టాను.

ఇప్పుడా ఇంటికి 'సున్నా కార్బన్ గృహం' అని బోర్డు పెట్టారు. గోడలు చెమ్మగిల్లకుండా ఏసీలు రాత్రింబగళ్లు నడుస్తున్నాయి. జనరేటర్‌ను మాత్రం మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి జరిపారు. అక్కడి పొగ ఆ ఇంటి లెక్కలోకి రాదని జశ్వంత్ నాకు ఓపిగ్గా వివరించాడు.

మొన్న ఆదివారం నేనూ చూడ్డానికి వెళ్లాను. సందర్శకుల వరసలో నా ముందు రుక్కమ్మ నిలబడి ఉంది.

"గింతసేపు కూసొని పోత బిడ్డా," అంది సెక్యూరిటీ గార్డు రాములుతో.

రాములు మంచివాడు. తాడు ఎత్తిపట్టి దారి ఇచ్చాడు.

"పో అవ్వా. లోపల ఊపిరి జర తక్కువ తీస్కో."