బుగ్గలో ముక్క కోయించుకున్నవారి భాగ్యం

మనిషై పుట్టినందుకు ఒక్కసారైనా బుగ్గలోంచి చిన్న ముక్క కోయించుకోవాలి! డాక్టర్లు దాన్ని బయాప్సీ అంటారు. నేను భాగ్యం అంటాను.

నవ్వకండి. బర్మాలో, మా పకోక్కు ఊళ్ళో, మార్కెట్ వెనక సందులో కిళ్ళీ కొట్టు నడిపే దో తాన్ యీకి, అంటే తాన్ యీ గారికి, ఈ భాగ్యం పట్టింది. ఆ కొట్టు ముందు ఒక బెంచీ ఉంది. రోజూ దానిమీద కూర్చునే అలవాటు నాది. కాబట్టి కొంత కళ్ళారా చూసి, మిగతాది ఆవిడ నోటే విన్న సాక్షిని నేనే.

తాన్ యీకి యాభై రెండేళ్ళు. అందులో ముప్పై ఏళ్ళు తమలపాకు మీద సున్నం రాయడంలోనే గడిచాయి. సున్నం ఘాటు సరిపోయిందో లేదో కంటితో చూస్తే తెలియదు, నోట్లో వేసుకోవాలి. అందుకని పొద్దున్నే రుచి చూడడానికి ఒక కిళ్ళీ. రుచి బాగుంది కాబట్టి ఇంకొకటి. తర్వాత ఊరికే కూర్చుంటే తోచదు కాబట్టి మరొకటి. ఎడమ బుగ్గ ఎప్పుడూ పూరీలా పొంగి ఉండేది.

ఏడాదిన్నర కిందట ఆ బుగ్గ లోపల గోరంత తెల్ల మచ్చ వచ్చింది. సున్నం అంటుకుందనుకుంది. గోటితో గీకింది, పోలేదు. కారం తగిలితే మంట. ఇదివరకు మూడు వేళ్ళు పట్టేంతగా తెరుచుకునే నోరు రెండు వేళ్ళ దగ్గర ఆగిపోయింది. సున్నం అమ్మే మనిషి నోట్లో సున్నం ఉంటే వింతేముంది? సందులో అందరం చూశాం. అందరం అలాగే అనుకున్నాం.

పళ్ళ డాక్టర్లు మాండలే నుంచి వచ్చి బౌద్ధ విహారంలో డబ్బు తీసుకోకుండా చూస్తున్నారంటే, పన్ను పీకించుకుందామని వెళ్ళింది. పిలకజడ డాక్టరమ్మ ఒకావిడ టార్చి వేసి చాలాసేపు లోపలికి చూసింది.

"అమ్మా, ఇది ఎన్నాళ్ళనుంచి ఉంది?"

"ఏది తల్లీ?"

"ఈ తెల్లది."

"అదా! సున్నం."

"సున్నమైతే నీళ్ళు పుక్కిలిస్తే పోవాలిగా?"

తాన్ యీ పుక్కిలించింది, పోలేదు. ముక్క తీసి పరీక్షకి పంపాలి, మాండలే ఆసుపత్రికి రమ్మన్నారు.

ఇక చూడండి భాగ్యం! ముప్పై ఏళ్ళుగా "రెండు కిళ్ళీలు కట్టు" తప్ప ఆవిడతో వేరే మాట మాట్లాడని సందు మొత్తం ఒక్కసారిగా ఆవిడ మంచికోసం తాపత్రయపడిపోయింది. ఆసుపత్రివాళ్ళు గురువారం రమ్మన్నారు. బుధవారం పుట్టిన మనిషికి గురువారం కత్తి తగలకూడదన్నాడు జ్యోతిష్కుడు. ఆసుపత్రి మాట వినాలా, నక్షత్రాల మాట వినాలా? దీనికి విరుగుడుగా వయసుకంటే ఒకటి ఎక్కువ, అంటే యాభై మూడు చేపలని నదిలో వదలమన్నాడు. తాన్ యీ ఐరావతి రేవులో నిలబడి ఒక్కొక్క చేపనీ రెండు చేతులా పట్టుకుని "చల్లగా బతుకు" అంటూ వదిలింది. పక్క కొట్టులో మొహింగా, అంటే చేపల పులుసు పోసిన నూడుల్స్, అమ్మే మ చో వాళ్ళ అన్నకి ఆ రేవుకి కాస్త దిగువనే వల ఉంది. మర్నాడు మ చో మొహింగా అద్భుతంగా కుదిరింది. నేనేమీ అనడం లేదు.

బయాప్సీకి ముందు పదిహేను రోజులు కిళ్ళీ మానాలన్నారు. తినడం మానమన్నారు గానీ అమ్మడం మానమనలేదుగా! కొట్టు తీసింది. కానీ రుచి చూడకూడదు. మొదటిరోజే సున్నం పాళ్ళు తప్పింది.

"పిన్నీ, నాలుక ఊడొచ్చింది!" అని గంతులేశాడు కూరగాయల బండివాడు.

"నన్నేం చెయ్యమంటావురా? డాక్టరు నాలిక మీద వెయ్యొద్దంది."

"నువ్వు వేసుకోకపోతే మా గతేం కాను?"

చివరికి ఆవిడ భర్త ఊ బా శ్వే ముందుకొచ్చాడు. బుగ్గన కిళ్ళీ లేనిదే సైకిలు రిక్షా తొక్కడు, మాట తక్కువ మనిషి. "నీ బదులు నేను చూస్తాలేవే," అన్నాడు. భార్యకోసం రోజూ పొద్దున్నే సున్నం రుచి చూసే మొగుళ్ళు ఎంతమందికి దొరుకుతారు? బయాప్సీ లేకపోతే ఆ ప్రేమ బయటపడేదా, చెప్పండి!

కోత పది నిమిషాలు కూడా పట్టలేదు. సూది మందు ఇచ్చాక బుగ్గ ఎవరిదో అద్దెకి తెచ్చుకున్నట్టు అయిపోయింది. మినపగింజంత ముక్క తీసి సీసాలో వేశారు. రెండు కుట్లు. కోసినచోట మడిచిన గాజుగుడ్డ పెట్టి డాక్టరమ్మ అప్పగింతలు మొదలెట్టింది.

"ఇది అరగంట గట్టిగా అదిమిపట్టి, తీసి పారెయ్యాలి. రేపటిదాకా ఉమ్మకూడదు. వేడిది, కారం వద్దు. గంజి చల్లార్చి తాగాలి. రిపోర్టు వచ్చేదాకా, పది రోజులు, కిళ్ళీ ఊసే ఎత్తకూడదు. నోట్లోంచి ఎర్రగా వస్తుంటే ఆగకుండా దగ్గర్లో ఆసుపత్రికి పరిగెత్తాలి."

"డాక్టరమ్మా, మా ఊళ్ళో అందరి నోట్లోంచీ ఎర్రగానే వస్తుంది. అందర్నీ తీసుకురమ్మంటారా?" అన్నాడు ఊ బా శ్వే.

ఆవిడ నవ్వలేదు. ఈ కాలపు డాక్టర్లకి హాస్యం బొత్తిగా తెలియదు.

బస్సులో నాలుగు గంటలు. అరగంట అయింది. తాన్ యీ గుడ్డ తియ్యలేదు. ఎలా తీస్తుంది? పొద్దున బుగ్గన పెట్టింది మధ్యాహ్నందాకా ఉంచుకోవడం ముప్పై ఏళ్ళ అలవాటు. కిటికీలోంచి ముళ్ళపొదలు చూస్తూ, దవడ జబ్బుతో నిరుడు వానాకాలంలో పోయిన పడవ సరంగుని తలుచుకుంది. చివర్లో అతని దవడ సగం తీసేశారు. గంజి కూడా గొట్టంతోనే. అతనికి ఇరవై ఏళ్ళు కిళ్ళీలు కట్టిచ్చింది తనే. "నీ చేతి సున్నం ఇంకెవరికీ కుదరదు తాన్ యీ," అనేవాడు. తనకీ అదేనా? తన దవడ కూడా తీసేస్తారా?

ఆలోచనలో పడి గుడ్డని నాలుకతో కుడిబుగ్గకి జరిపింది. కాసేపు నమిలింది. మళ్ళీ ఎడమకి జరిపింది. ఇంకెవరైనా ఇలాంటి పని చేస్తారా? మావాళ్ళు తప్ప ఈ భూమ్మీద ఎవరూ చెయ్యరు!

బస్సు దిగి, కొట్టు వెనకే ఉన్న ఇంటి ముందుకి వచ్చేసరికి నోరు నిండిపోయింది. ఉమ్మొద్దన్న మాట మరిచిపోయి గోడ వార ఉమ్మింది. ఎర్రగా, నిండుగా పడింది.

మ చో గరిటె పట్టుకునే చూసింది. "అయ్యో అయ్యో! బస్సు దిగీ దిగకుండానే మొదలెట్టావా అక్కా!"

"పదిహేను రోజులు ఆపుకున్నావు, ఇంకో పది రోజులు ఆగలేకపోయావా?" అన్నాడు కూరగాయల బండివాడు, తనూ అదే గోడ మీద ఉమ్ముతూ.

ఊ బా శ్వేకి కోపం వచ్చింది. పెళ్ళయ్యాక ఆయన గట్టిగా అరవడం అదే మొదటిసారి. "నీకోసం నేను రోజూ పొద్దున్నే సున్నం నాకుతుంటే, నువ్వు చేసేది ఇదా?"

తాన్ యీ తల అడ్డంగా ఊపింది. బుగ్గ మొద్దుబారి మాట రావడం లేదు. చెయ్యి ఊపింది. అదీ ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ ఉమ్మింది. గోడ నిండా ఎన్నో ఏళ్ళ ఎరుపు ఉంది. అందులో ఏది కిళ్ళీదో, ఏది మనిషిదో ఎవరు చెప్పగలరు? ఆవిడ ఒక్కదానికే తెలుసు. దీంట్లో ఏలకుల వాసన లేదు, సున్నం ఘాటు లేదు. ఉప్పగా, ఇనుములా ఉంది. నోట్లో వేలుపెట్టి, నమిలి పీలికలైన గుడ్డని లాగి మొగుడి అరచేతిలో పెట్టింది.

ఊ బా శ్వే దానికేసి చూశాడు. ఆవిడని ఎత్తి రిక్షాలో కూర్చోబెట్టి ఊళ్ళో ఆసుపత్రికి తొక్కాడు. నర్సు కొత్త గుడ్డ పెట్టి అరగంట ఎదురుగా కూర్చుని, తనే తీసి పారేసింది. రక్తం ఆగింది.

తర్వాత రిపోర్టుకోసం పది రోజులు. ఎంత వైభవం! పరామర్శకి రానివాళ్ళు లేరు. నమలకూడని మనిషికి వేయించిన పల్లీలు తెచ్చారు. కారం తగలకూడని నోటికి పచ్చిమిర్చి వేసిన తేయాకు సలాడ్ తెచ్చారు. మంచం పక్కన కూర్చుని, బుగ్గలోని రసం ఒలికిపోకుండా గడ్డం పైకెత్తి, చూరుకేసి చూస్తూ హితవు చెప్పారు.

"కిళ్ళీ... మానెయ్యాలి... అక్కా," అంది మ చో, గడ్డం పైకెత్తి. "ప్రాణం... కంటే... ఎక్కువా?" లేచి కిటికీలోంచి బయటికి ఉమ్మింది. "హమ్మయ్య. ఏమంటున్నానూ? ఆ, ప్రాణం కంటే ఎక్కువా అని."

తాన్ యీ చల్లారిన గంజి చెంచాతో తాగుతూ అందరి మాటా వింది. మాట్లాడలేని మనిషి కాబట్టి చూడడం మొదలెట్టింది. ఇన్నేళ్ళూ ఆవిడ వీళ్ళ చేతులే చూసింది, నోళ్ళు చూడలేదు. మ చో పల్లీ గింజని ముందుపళ్ళతో నెమ్మదిగా కొరుకుతోంది. నోరు అంతకంటే తెరుచుకోవడం లేదు.

పదకొండో రోజు రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ ఫోనులో విడమరిచి చెప్పింది. "ఇప్పటికి క్యాన్సర్ కాదమ్మా. కానీ అటువైపు నడక మొదలైంది. ఇక వక్క, పొగాకు, సున్నం ముట్టుకోకూడదు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. ఒక్కసారి కూడా మానకూడదు."

ఇన్ని మాటల్లో మా సందు చెవికి చేరింది ఒక్కటే. "కాదు!" ఇంకేం కావాలి? పండగ! పండగంటే మావాళ్ళకి తెలిసిన పద్ధతి ఒక్కటే. పదిమందీ పొలోమని కొట్టు మీద పడ్డారు.

"అక్కా, పొగాకు రెండింతలు వేసి కట్టు!"

"పిన్నీ, నీ పేరు చెప్పుకుని తలో రెండు!"

తాన్ యీ ఆకులు పరిచింది. సున్నపు పుల్ల తీసింది. ఎందుకో ఆగి, సొరుగులోంచి టార్చి తీసింది.

"ముందు నోరు తెరవండి. ఆ తర్వాతే కిళ్ళీ."

అందరూ పగలబడి నవ్వారు. "డాక్టరమ్మ వచ్చిందిరోయ్!" అన్నాడు బండివాడు.

"ముందు నువ్వు రా," అంది తాన్ యీ మొగుడితో.

ఊ బా శ్వే సరదాగా వచ్చి నోరు తెరిచాడు. రెండు వేళ్ళ మందం తెరుచుకుంది. ఆవిడ టార్చి వేసింది. ఎడమ బుగ్గ వెనక, సరిగ్గా అక్కడే, గోరంత తెల్లగా ఉంది.

"సున్నమేలేవే," అన్నాడు. "పొద్దున రుచి చూశాగా."

తాన్ యీ గ్లాసుతో నీళ్ళిచ్చింది. "పుక్కిలించు."

పుక్కిలించాడు. మళ్ళీ చూసింది. సున్నం డబ్బాకి మూత పెట్టింది. పరిచిన ఆకులన్నీ ఏరి గంపలో వేసింది. "రేపు పొద్దున్న బస్సుకి మాండలే వెళ్ళాలి. సంచి సర్దుకో," అంది.

"తరవాత ఎవరు? మ చో, రా."

చిత్రమేమిటంటే మ చోకి అప్పుడే పొయ్యి మీద పులుసు గుర్తొచ్చింది. బండివాడికి వంకాయలు ఎండిపోతున్నాయని గుర్తొచ్చింది. ఒకడికి అత్తగారు గుర్తొచ్చారు. కన్ను మూసి తెరిచేలోగా సందు ఖాళీ!

చూశారా, ఒక్క మినపగింజంత ముక్క ఎంతమందికి వాళ్ళ వాళ్ళ పనులు గుర్తుచేసిందో! అందుకే దీన్ని భాగ్యం అంటున్నాను. కాకపోతే ఇది పక్కవాళ్ళకి పడితేనే బాగుంటుంది.

బెంచీ మీద ఇక నేనొక్కదాన్నే మిగిలాను. ఆవిడ టార్చి నావైపు తిప్పింది. ఈ వ్యాసం రాయాల్సి ఉందని చెప్పి లేచి వచ్చేశాను. ఇదంతా గడ్డం కాస్త పైకెత్తి చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.