మామగారు దిగని కారు

శనివారం ఉదయం తొమ్మిదికి మెకానిక్ వస్తాడు, పదకొండుకు పాత కార్ల మ్యూజియం అధికారి వస్తాడు. ఆ రోజుకు అంతే పని. అయినా తెల్లవారినప్పటి నుంచీ కోడలి గుండెలో ఒకటే గుబులు. పని తేలిగ్గా కనిపించిందంటే ఏదో కీడు పొంచి ఉందన్నమాటే.

ఆ ఇంటికి ఒకే పేరున్న కారు వేషం మార్చుకుంటూ నాలుగుసార్లు వచ్చింది. మొదటిది గుండ్రటి దీపాలది. రెండోదానికి వెనక చేపతోకలు. మూడోది అగ్గిపెట్టెలా నలుచదరం. నాలుగోది ప్లాస్టిక్ బంపర్లది. దాని తర్వాత కంపెనీ ఆ పేరుతో కార్లు చేయడమే ఆపేసింది. నాలుగూ మామగారు కొన్నవే. పాతది అమ్మిన ప్రతిసారీ ఒక భాగం ఊడదీసి కొత్తదానికి బిగించేవారు. "లేకపోతే దీనికి మనింటి దారి ఎలా తెలుస్తుందమ్మా?" అనేవారు. అలా నాలుగోదానిలో మొదటిదాని హారన్, రెండోదాని గడియారం, మూడోదాని వెనక సీటు చేరాయి. కోడలు ఏం చేసిపెట్టినా ఒక్క మెచ్చుకోలు మాటైనా అనని మామగారు పోయి ఆరేళ్లయింది.

మ్యూజియంలో మొదటి మూడు రకాలూ ఉన్నాయి, నాలుగోది కావాలి. కానీ పరాయి భాగాలు ఉండకూడదట. వాళ్లు వద్దంటే సోమవారం కారు తుక్కులోకి పోతుంది. ఆ దిగులుతో కోడలి భర్తకు రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు.

మెకానిక్ హారన్ ఊడదీసి గట్టు మీద పెట్టాడు. తీగ లేని హారన్ అక్కడే ఒక్కసారి మోగింది.

"లోపల గాలి ఉండిపోయిందండీ."

"గాలా! గేటు తీయమని మా మామగారు సరిగ్గా అలాగే కొట్టేవారు!"

"నువ్వు ఊరుకోవే, అతన్ని పని చేసుకోనీ," అన్నాడు భర్త, వెళ్లి గేటు తీస్తూ.

గడియారాన్ని ముట్టుకోగానే, ఏళ్ల కిందటే ఆగిపోయిన ముల్లు కదిలింది. సీటు ముగ్గురూ కలిసి లాగినా రాలేదు. తడిమి చూసిన మెకానిక్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వెచ్చగా ఉందమ్మా. గుంట కూడా పడింది, ఎవరో కూర్చున్నట్టు."

స్పానర్లూ, చెప్పులూ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

అంతలో అధికారి ఫోన్ చేశాడు. "దారిలో ఉన్నానమ్మా. అంతా సిద్ధమేనా?"

 అబద్ధమాడితే ఏ అరిష్టమోనని కోడలు, "మా మామగారు కారు దిగట్లేదండీ," అనేసింది.

"పెద్దవాళ్లు కదా, మమకారం ఉంటుంది. నేను మాట్లాడతాలెండి."

వచ్చీ రావడంతోనే అధికారి ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. వెనక్కి తిరిగి తల ఊపడం, నవ్వడం, చివరకు చేతులు కట్టుకోవడం అద్దంలోంచి కనిపించాయి.

"ఆయన లేరని వెళ్లి చెప్పండి," గొణిగింది కోడలు.

"ఎవరికి? అధికారికా, నాన్నకా?"

పావుగంటకు అధికారి దిగాడు. "ఒక్క భాగం కూడా తీయకండి. నాలుగు కార్లూ కలిసి ఉన్నది లోకంలో ఇదొక్కటేనని పెద్దాయన చెబుతుంటే నాకే సిగ్గేసింది. తీసుకుంటున్నాం. దాంతోపాటు తనూ వస్తానంటున్నారు."

భర్త కళ్లు తుడుచుకున్నాడు. కోడలు లోపలికి పరుగెత్తి, బీరువాలో దాచిన మామగారి కళ్లజోడు తెచ్చింది.

"అంత దూరం ప్రయాణం, ఇది లేకుండా ఎలా మామయ్యగారూ?" అంటూ వెనక కిటికీలోంచి చాచింది.

కళ్లజోడు లోపల ఎవరో అందుకున్నట్టు, చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చింది. ఎప్పటిలాగే మామగారు ఒక్క మంచి మాటైనా అనలేదు.