మాస్టారి పోర్ట్‌ఫోలియోలో స్కూటరు

ఆ ఉదయం లెక్కల మాస్టారి పథకం చాలా చిన్నది. తనిఖీ అధికారిణి వచ్చేలోగా బడి వెబ్‌సైట్లో అందరికీ కనపడే తన డిజిటల్ పోర్ట్‌ఫోలియోలో పాఠాల వీడియోలు పెట్టేయాలి, సాయంత్రానికి ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవాలి. కాఫీ తాగుతూనే ఫోన్లోంచి ఫోల్డరు మొత్తం ఎక్కించేసి చేతులు దులుపుకున్నారు.

తొందరలో ఎక్కించింది పక్క ఫోల్డరు. అందులో ఉన్నవి మాస్టారు స్కూటరు నేర్చుకుంటున్న వీడియోలు. నేర్పేది భార్య, తీసింది బావమరిది, అదీ మహా ఆనందంగా. మాస్టారు పడ్డప్పుడల్లా ఆవిడ అనే మాట ఒక్కటే. "తప్పెక్కడ జరిగిందో మీరే చెప్పండి."

పోర్ట్‌ఫోలియోలో ఎవరేం పెట్టినా పిల్లలు రెండు మెచ్చుకోళ్లు, ఒక సలహా రాసి తీరాలన్నది మాస్టారు పెట్టిన నియమమే. ఆయన బడికి చేరేసరికి క్లాసు క్లాసంతా శ్రద్ధగా రాసేసింది. "మాస్టారు పడ్డాక చుట్టూ చూసి లేవడం బాగుంది. గోడకి సారీ చెప్పడం బాగుంది. బ్రేకు ఎక్కడుందో ముందే తెలుసుకుంటే ఇంకా బాగుంటుంది."

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. కంగారులో, "నా వీడియోలు దయచేసి ఎవరూ చూడొద్దు" అని బడి గ్రూపులో పెట్టారు. అంతవరకూ సంగతే తెలియని తల్లిదండ్రులు, తోటి టీచర్లు, చివరికి గేటు దగ్గర వాచ్‌మన్ కూడా చూశారు. మాస్టారు ఇంటికి ఫోన్ చేశారు.

"కొంప మునిగింది. ఇప్పుడేం చెయ్యను?"

"ముందు తప్పెక్కడ జరిగిందో మీరే చెప్పండి," అంది భార్య.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అధికారిణి ముందే వచ్చేశారు. గదిలో కూర్చుని మొత్తం చూశారు. బయట నిలబడ్డ మాస్టారికి మళ్లీ ఇంటింటికీ తిరిగి ట్యూషన్లు చెప్పుకోవాలన్న ఆలోచనకే ఏడుపొచ్చినంత పనైంది.

"లోపలికి రండి మాస్టారూ," అన్నారావిడ. "అందరూ బాగా కుదిరిన పాఠాలే పెట్టారు. తప్పు చెయ్యడం, దిద్దుకోవడం, మళ్లీ ఎక్కడం మీ దాంట్లోనే కనపడింది. పోర్ట్‌ఫోలియో ఉన్నది అందుకేనండీ. మీ ఉద్యోగం పర్మనెంటు."

మాస్టారు దణ్ణం పెట్టి గుమ్మం వైపు కదిలారు.

"ఒక్క సంగతి. జవాబు చెప్పకుండా మీ చేతే చెప్పిస్తున్నారే, ఆ టీచరు ఏ బళ్లో చేస్తున్నారు?"

"మా ఇంట్లోనండి."

"సోమవారం తీసుకురండి. మన టీచర్లకి శిక్షణ ఇప్పిద్దాం."

సోమవారం ఇద్దరూ ఒకే స్కూటరు మీద బడికొచ్చారు. పర్మనెంటు మాస్టారు వెనక సీట్లో కూర్చున్నారు.