ఫస్టు రకం పిండం

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. పదకొండుకు ఆస్పత్రిలో దామోదరం భార్య రాజలక్ష్మి గర్భంలో, ల్యాబులో తయారైన పిండాన్ని ఉంచుతారు. పన్నెండుకల్లా దామోదరం సౌకార్‌పేటలోని తన పప్పుల కొట్టుకు తిరిగి వెళ్లాలి. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఇది మూడో ప్రయత్నం. ఇదే ఆఖరని రాజలక్ష్మి ముందే చెప్పింది.

ఊరి పేరు చెన్నై అయి రెండేళ్లయినా ఆస్పత్రి బోర్డు మీద మద్రాసు అనే ఉంది. దామోదరానికి అనుమానం అక్కడే మొదలైంది.

"మూడు పిండాలు వచ్చినాయి. ఒకటి చాలా బాగుంది. అదొక్కటే వేస్తాం," అంది డాక్టర్ ఆశ. "ఆమెకు గర్భసంచిలో గడ్డ తీసిన ఆపరేషన్ అయ్యుంది. కవలలైతే తట్టుకోలేదు."

ఇరవై ఏళ్లుగా దామోదరం బస్తాలో అడుగున నాసిరకం కందిపప్పు నింపి, పైన నాలుగు దోసిళ్లు మేలిరకం పోసి అమ్ముతున్నాడు. లోకమంతా తన కొట్టులాగే నడుస్తుందని అతని నమ్మకం.

"మిగతా రెండూ ఎవురికిస్తారు డాక్టరమ్మా?"

"ఎవరికీ ఇవ్వం. అవి పెరిగేవి కావు."

దాచుకునే సరుకు గురించి అందరూ ఇలాగే మాట్లాడతారని అతనికి తెలుసు. ల్యాబు తలుపుకు ఎదురుగా కాపలా కూర్చున్నాడు. పదింటికి ల్యాబు ఉద్యోగి కోదండరాం, తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బాతో బయటికొచ్చాడు. దామోదరం మెట్ల మీద డబ్బా పట్టుకున్నాడు.

"ఏంది సామీ, ఎవురింటికి ఎత్తకపోతా ఉండావు?"

"వదలయ్యా! అయ్యయ్యో, అంతా పోచ్చు, పోయింది!"

మూత ఊడింది. ఇద్దరి చొక్కాల మీదా పెరుగన్నం. వాచ్‌మన్ వచ్చి దామోదరం రెక్క పట్టుకున్నాడు.

సిగ్గుపడాల్సిన సమయమే. కానీ ఒకచోట ఓడిన అనుమానం ఊరుకోదు, ఇంకోచోటు వెతుక్కుంటుంది. "అయితే నాకు సరుకు చూపీండి," అన్నాడు. గొడవ ఆగితే చాలని ఆశ టీవీ తెర మీద చూపించింది. మొదటి పిండంలో ఎనిమిది కణాలు సమంగా, గుండ్రంగా ఉన్నాయి. మూడోది చితికిన ముక్కల్లా ఉంది.

"ఈ మొదటిదే ఫస్టు రకం," అంది ఆశ.

వదిలించుకోవాల్సిన సరుకునే ముందు చూపిస్తారు. దామోదరం నవ్వాడు. "నాకు ఆ మూడోదే కావాల. లేదంటే ఇప్పుడే ఆమెను ఇంటికి పిల్చకపోతా."

పక్కగదిలో బల్ల మీద పడుకున్న రాజలక్ష్మికి అంతా వినిపించింది.

"ఇదిగో, మీరు చెప్పిందే వేపిచ్చుకుంటా," అని కేకేసింది. "ఈడ మీకేం పని? కొట్టుకు పోండి."

గెలిచినవాడి నడకతో దామోదరం వెళ్లిపోయాడు. ఆశ నివ్వెరపోయి ఆమె దగ్గరికొచ్చింది.

"మీరు ఆ మంచిదే వేయండి డాక్టరమ్మా," అంది రాజలక్ష్మి నెమ్మదిగా. "ఆయనకి నేను చెప్పుకుంటా."

పదిహేను రోజులకు గర్భం నిలిచిందని తేలింది. డాక్టరు దాచిన సరుకును తానెలా పట్టుకున్నదీ దామోదరం వీధంతా చెప్పుకున్నాడు. పక్క కొట్టు వరదయ్య నమ్మకం కుదరక రాజలక్ష్మినే అడిగాడు.

"నిజమేనామ్మా?"

"మా ఆయన కన్ను అట్లాంటిదన్నా," అంది రాజలక్ష్మి.

పైన ఒకటి చూపి లోపల ఒకటి పోయడం ఆమె మొగుడి కొట్టులోనే నేర్చుకుంది.